అర్ఫజ్ పొదలకు నేను పోసిన నీళ్ళు

కువైట్‌లో సులైబియా దాటి ఎడారిలో అరగంట ప్రయాణం చేస్తే మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, కంచె వేయించిన జాగా వచ్చేది. మేకలూ ఒంటెలూ మేసి చుట్టుపక్కల నేలంతా బోసిపోతే, అర్ఫజ్ పొదలు మళ్ళీ పెరగాలని ఆయన ఆ కాస్త నేలకు అడ్డం కట్టించాడు. మోకాలెత్తు పొద అది. వానల తర్వాత చిగురించి, ఎండలు ముదిరేముందు చిన్న పసుపుపూలు పూస్తుంది. ఆయన తండ్రి చిన్నతనంలో గుడారాలు వేసుకున్నది ఆ పొదల మధ్యేనట.

ఎనభైల మొదట్లో ఆ జాగా చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. వ్యవసాయం తెలుసా అని అడిగితే, గోదావరి కాలువ కింద మా తాతగారి మూడు వందల ఎకరాల గురించి చెప్పాను. అవి కోర్టుల్లో కరిగిపోయిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నిజానికి నేనెప్పుడూ చేలో దిగినవాణ్ణి కాను. గట్టు మీద గొడుగు కింద నిలబడి చూడటమే మా ఇంటివాళ్ళ వ్యవసాయం.

వేసవి మొదట్లో కఫీల్ తన తండ్రికి వైద్యం చేయించడానికి విదేశం వెళ్తూ, తనకొచ్చిన హిందీలో చెప్పాడు. "వానలు పడ్డాక బాబాను ఇక్కడికి తీసుకొస్తాను. ఇవి చూడాలని ఆయన ఆశ. నీదే బాధ్యత."

జూన్ చివరికి పొదలన్నీ ఆకు రాల్చి ఎముకల్లా తెల్లబడ్డాయి. నాకు తెలిసిన మందు ఒక్కటే. ముందు వైపు రెండు వరుసలకు పాదులు చేయించి, రోజూ టాంకరుతో నీళ్ళు పోయించాను. మిగతా వరుసల దాకా గొట్టం అందలేదు. అందితే వాటికీ పోయించేవాణ్ణే.

నా దగ్గర పనికి కడప వైపు మనిషి ఒకడు ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఊళ్ళో మేకలు కాచినవాడు. పాదులు చేస్తున్నంతసేపూ ఏదో గొణిగేవాడు. ఏమిటని నేను అడగలేదు.

ఆగస్టులో, ఎండిన పొదలు పీకేసి కొత్త మొక్కలు తెప్పిద్దామని అతనితో అన్నాను. నీళ్ళు పోసిన వరుసలో మొదటిది ఒంటిచేత్తో వచ్చేసింది. వేళ్ళు నల్లగా కుళ్ళి కంపు కొట్టాయి. రెండోదీ అంతే. అతను చేతులు దులుపుకుని, నీళ్ళు పోయని వరుసలోకి నడిచాడు.

"దీన్ని నువ్వే పీకు సామీ."

వంగి రెండు చేతులతో లాగాను. రాలేదు. అరచేతులు గీసుకుపోయాయి.

"నీళ్ళు పోసినకాడే కుళ్ళినాయి. ఇవి యాడ సచ్చినాయి? పండుకోనుండాయి. మా కాడ గుట్టమీద చెట్లు ఎండాకాలం ఇట్లనే ఉంటాయి. మీ గోదారోళ్ళకు పచ్చగుంటేనే పానం ఉన్నెట్ల."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంటాంటివా?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని, మొదలు దగ్గర బెరడును గోరుతో గీకాను. దారప్పోగంత పచ్చదనం కనిపించింది. అయినా నమ్మకం కుదరలేదు. పచ్చి కట్టెకు కూడా కొన్నాళ్ళు ఆ పచ్చదనం ఉంటుంది కదా. ఆ రోజే కుళ్ళిన రెండు వరుసలూ పీకించి, టాంకరు మాన్పించాను. ఆ తర్వాత మూడు నెలలు చేయడానికి ఏమీ లేదు. ముసలాయన వచ్చేసరికి ఇదంతా వంటచెరుకుగా మిగిలితే ఏ మొహంతో నిలబడాలి అన్నదొక్కటే ఆలోచన. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, గోరుతో గీకి చూసి వచ్చేవాణ్ణి.

నవంబరులో ఒక ఉదయం వాన పడింది. వారం తర్వాత కంచె గేటు తీస్తుంటే అతను లోపలి నుంచే, "చూడు సామీ, లేసినాయి," అన్నాడు. నీళ్ళు పోయని వరుసల్లో ప్రతి పుల్లకూ బూడిదరంగు కలిసిన పచ్చ చిగురు. అక్కడే ఇసుకలో కూర్చున్నాను. చొక్కా సంగతి గుర్తు రాలేదు.

జనవరిలో కఫీల్ తండ్రిని తీసుకొచ్చాడు. ముసలాయన చిగుళ్ళు నలిపి వాసన చూసుకుంటూ నడిచి, బోసిగా ఉన్న రెండు వరుసల దగ్గర ఆగి, ఇక్కడేమైంది అన్నట్టు చేయి తిప్పాడు. మేకలు దూరాయని చెప్పొచ్చు.

"నేనే చంపాను," అన్నాను హిందీలో. "రోజూ నీళ్ళు పోశాను."

కఫీల్ అది అరబ్బీలో చెప్పాడు. ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నా భుజం తట్టి, అయిందేదో అయిపోయిందన్నట్టు "ఖలాస్, ఖలాస్," అన్నాడు. విత్తనం గాలికి దానంతటదే వచ్చి పడుతుందని, ఇక ఎవరూ ఏమీ చేయొద్దని కొడుకుతో చెప్పించాడు.

కారు వెళ్ళిపోయాక కడపాయన నా వంక అదోలా చూశాడు. "నేనైతే మేకల మీదికే తోసుంటి సామీ."

"నీకు మేకలతో చనువు ఎక్కువ," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మరుసటి ఏడు వానలకు ఆ రెండు వరుసల్లోనూ అక్కడక్కడా మొలకలు లేచాయి. నేను దగ్గరికి పోకుండా నిలబడి చూశాను. ఆ పని మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు.