జేబులో పెన్సిలు

ఆ హాస్య రచయిత తన ఇంట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. మొగుడూపెళ్లాల మీదా, బావమరుదుల మీదా పదకొండు పుస్తకాలు రాసి జనాన్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి. చొక్కా జేబులో అరచేతిలో ఇమిడే నోటుబుక్కు, అందులో గుచ్చిన పొట్టి పెన్సిలు. ఎదుటివాళ్లు మాట జారితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. బావమరిది రావడం మానేశాడు. కూతురు ఫోన్లో ఊఁ కొట్టి పెట్టేస్తుంది. భార్య రెండేళ్లుగా ముక్తసరిగా మాట్లాడుతోంది. అందుకే కొత్త పుస్తకంలో భార్య మాటలన్నీ ఆయనే కల్పించాడు.

అచ్చుకు ముందు ప్రూఫులు చదివేది ఆవిడే. "ఈ మాట నేనెప్పుడన్నానండీ?" అని పోట్లాడి మరీ ఎర్రపెన్నుతో కొట్టేసేది. ఈసారి వంటింటి బల్ల దగ్గర పొద్దుట్నుంచీ చదువుతోంది. ఆయన చల్లారిన టీ పట్టుకుని, గుమ్మం పక్కన నవ్వు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. కాగితాలు తిప్పుతున్న చప్పుడే వినిపిస్తోంది. పెన్ను మూత కూడా తియ్యలేదావిడ. చివరి కాగితం బోర్లించి, కళ్లజోడు తీసింది.

"బాగుందండీ. ఈవిడెవరో గానీ, మొగుడితో ఎంచక్కా కబుర్లు చెబుతోంది."

ఆయన ఏదో చెప్పబోయాడు గానీ, చెయ్యి అప్పటికే జేబులో పెన్సిలు వెతుకుతోంది.