గీత దాటిన కొసరు

ఇబ్రహీంపట్నంలో మా గల్లీని పట్టపగలు పొగలో ముంచేసి, బుద్ధిగా పనిచేసుకునే ఒక ట్రాక్టరుకు పిచ్చెక్కించి, మా అక్క బతుకుతెరువును నిలువునా తగలబెట్టబోయిన మహానుభావుడిని నేనే. ఇందులో ఎవరి కుట్రా లేదు. చేతిలో ఒక నూనె డబ్బా, ఒంట్లో బోలెడంత మంచితనం, అంతే నా దగ్గర ఉన్నది. మంచితనంతో ఇంత నాశనం చేయొచ్చని ఆ రోజే తెలిసింది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు జలదరిస్తుంది.

ముందు మా సంగతి చెప్పాలి. మా సుగుణక్క ఆకుకూరలు పండిస్తుంది, నేను మార్కెట్లో కూర్చుని అమ్ముతాను. బావ ఆదిభట్లలో కంపెనీ బస్సు నడుపుతాడు. అమ్మకంలో నా పేరు ప్రతిష్ఠలన్నీ కొసరు మీదే నిలబడి ఉన్నాయి. పాలకూర కొంటే కొత్తిమీర రెబ్బలు కొసరు, పచ్చిమిర్చి తూచాక పైన ఇంకో గుప్పెడు కొసరు. తక్కెడ ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడితే నాకు ఏదో పాపం చేసినట్టు ఉంటుంది. "ఈ పిలగాని చెయ్యి పెద్దది" అని ఆడవాళ్లు మెచ్చుకుంటే, ఆ మెప్పుకు ఇంకో రెబ్బ వేసేవాడిని. "నా మడి సగం నీ కొసరుకే పోతున్నది" అని అక్క గొణిగేది.

ఆ అక్క తన ఎడ్లను అమ్ముకుని ఒక చిన్న ట్రాక్టరు కొంది. జామతోటల్లో చెట్ల వరుసల మధ్య దూరిపోయేంత చిన్నది. పెద్ద బండ్లు చొరబడలేని చోటల్లా దానికే గిరాకి. తన మడులు దున్నుకున్నాక చుట్టుపక్కల తోటలన్నీ అక్కే స్వయంగా నడిపి కిరాయికి దున్నేది. ఆకుకూరలు ఒక వాన ఎక్కువైతే కుళ్లిపోతాయి, ఒక వాన తక్కువైతే వాడిపోతాయి. ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆ బండే.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. తెల్లారితే తోటలు దున్నుతానని అక్క మాట ఇచ్చేసింది. బండికేమో సర్వీసు గడువు దాటింది. ఎప్పుడూ సర్వీసు చేసే బావకు బస్సు డ్యూటీ, మెకానిక్‌కేమో అదే వానకు ఊరి బండ్లన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి.

"సర్వీసు నేను జేస్త అక్కా," అన్నాను.

"నీకేమొస్తది?"

"బావ జేస్తుంటె సూసిన గద."

"నేను గూడ టీవీల రాకెట్టు పోంగ సూసిన. పంపుతనా?"

అయినా వేరే దారి లేదు. "జర పైలం తమ్మి. అది ఆగిపోతె నేను ఆగిపోత," అని తాళం చేతిలో పెట్టింది. ఆ మాట బరువు అప్పుడు నాకు అర్థం కాలేదు. తాళం దొరికింది కదా అని ఈల వేసుకుంటూ సాగర్ రోడ్డులో విడిభాగాల దుకాణానికి పోయాను.

దుకాణం సేటు నోరు పెద్దది. కౌంటర్ వెనక నుంచి మాట్లాడితే రోడ్డు అవతల చాయ్ తాగేవాళ్లు తలతిప్పి చూస్తారు.

"పాత ఫిల్టర్ తెచ్చినవా?"

"లే."

"నంబర్ ఎర్కేనా?"

"లే."

"మరి ఏం తెచ్చినవ్?"

రెండు చేతులూ చాపి కొలత చూపించాను. "గింతుంటది."

"గింతుండేటివి నా తాన అర్ర నిండ ఉన్నయ్," అని కొన్ని తెచ్చి కౌంటర్ మీద వరుసగా నిలబెట్టాడు. అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. నేను వాటిలో లావుపాటి దాన్ని పట్టుకున్నాను. ఇంజన్ నూనె ఎంత పెద్ద ఫిల్టర్‌లో పడితే అంత శుభ్రం కదా అని నా లెక్క.

"లావుగున్నదని తీస్కపోతవా? గుమ్మడికాయనా గిది?" అన్నాడు సేటు. "మర ఎక్కుతది గని రబ్బర్ రింగు సక్కగ కూసోదు. ఇంజన్ చాలూ జెయ్యంగనే నూనెంత నేల మీదుంటది. పోయి పాతవి ఇప్పుకొని రా."

మళ్లీ ఇంటికి వచ్చాను. ఇంజన్ కింద తట్ట పెట్టి, వాడిన నూనె వదిలి, నూనె ఫిల్టర్ విప్పాను. మిగిలిన నల్లటి నూనె నా మోచేయి దాకా దిగి, అక్కడ ఒక్క క్షణం ఆగి, చంకలోకి పోయింది. డీజిల్ ఫిల్టర్ కూడా విప్పి, రెండింటినీ పాత కవర్లో చుట్టుకుని మళ్లీ దుకాణానికి పోయాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, మరకు మర, రింగుకు రింగు సరిచూసి సేటు కొత్తవి నా చేతిలో పెట్టాడు.

"గాలి ఫిల్టర్ గూడ ఇయ్యి," అన్నాను.

"నీ బండికి కాయిదం ఫిల్టర్ గాదు, నూనె గిన్నె ఉంటది. కొన పని లేదు. ఇనుప తీగల జాలి డీజిల్ల కడుగు, గిన్నె తుడిసి కొత్త నూనె పొయ్యి. లోపట గీత ఉంటది. గీత దాకనే. యాదికుంటదా?"

"ఉంటది."

మీరు గమనించాలి, ఆయన చెప్పాడు, నేను విన్నాను. నాకు తెలియదని తప్పించుకునే దారి కూడా లేకుండా పోయింది.

పని మొదలుపెట్టాను. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో నూనె రాసి, చేత్తోనే బిగించి, ఇంజన్‌లో కొత్త నూనె పోశాను. తర్వాత డీజిల్ ఫిల్టర్ ఎక్కించి, గొట్టంలో చేరిన గాలి పోయేలా చిన్న స్క్రూ వదులు చేసి పంపు కొట్టాను. ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు వచ్చాయి, ఆఖరికి సన్నటి డీజిల్ ధార వచ్చింది. నాకు నేనే గొప్ప సర్జన్‌లా కనిపించాను. బావను బస్సుకే వదిలేసి ఇక ఊళ్లో బండ్లన్నీ నేనే బాగుచేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచన కూడా వచ్చింది.

చివరికి గాలి గిన్నె క్లిప్పులు విప్పాను. నిజం చెబుతున్నాను, అలా చూస్తూ ఉండిపోయాను. గిన్నె అడుగున ఎర్రమట్టి హల్వాలా పేరుకుని ఉంది. అక్క తిరిగిన ప్రతి మడి దుమ్మూ, ప్రతి జామతోట దుమ్మూ అందులో ఉంది. ఇంజన్ పీల్చే గాలి అంతా ఆ నూనె మీదుగానే పోతుందట. దుమ్ము నూనెలో దిగబడిపోతుంది, మిగిలింది జాలి పట్టుకుంటుంది, మంచి గాలి మాత్రమే లోపలికి పోతుంది. లోపల ఇనుము అరగకుండా ఇన్నాళ్లూ ఈ చిన్న గిన్నె ఒక్కటే అడ్డం నిలబడింది. ఎవరు కనిపెట్టారో గాని, నూనె చేతులతోనే దానికి దండం పెట్టాను. నవ్వకండి, ఆ చోట మీరున్నా పెట్టేవారు.

ఆ భక్తే కొంప ముంచింది. జాలి కడిగి, గిన్నె తళతళలాడేలా తుడిచి, నూనె గీత దాకా పోశాను. చూస్తే గిన్నె సగం ఖాళీగా ఉన్నట్టు అనిపించింది. ఇంత సేవ చేసినదానికి లెక్క ప్రకారం పోసి ఊరుకోవడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. డబ్బా కొంచెం వంచి కొసరు పోశాను.

పక్కింటి యాదయ్య తాత అప్పటికే అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. ఒకప్పుడు పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు, ఇప్పుడు గల్లీలో తప్పులు పడుతున్నాడు.

"గంతేనా?" అన్నాడు.

"గీత దాకనే పొయ్యమన్నడు తాతా. నేనే జర ఎక్కువ పోసిన."

"గీత వాళ్లు గీసిండ్రు. దీని దూప వాళ్లకేం ఎర్క? ఎండల తిరిగే బండి. నూనె కాడ గంత పిసినారితనమా?"

నా జీవితంలో నన్ను పిసినారి అన్నది ఆయనొక్కడే. పౌరుషం వచ్చింది. ఇంకొంచెం పోశాను.

"ఇంకింత పొయ్యి. అక్కడ మస్తు జాగున్నది."

జాగా ఉన్నంత మేరా పోశాను. నిండు గిన్నెను పాయసం పట్టుకెళ్తున్నట్టు రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి, చుక్క ఒలకకుండా క్లిప్పులు బిగించాను. చక్రాల కింద రాళ్లు పెట్టి, గేరు లేకుండా చేసి, తాళం తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది.

"అక్కా, జర సప్పుడు ఇను, ఎంత సాఫుగ ఉన్నదో," అని అరిచాను. అక్క పెరట్లో కూర కట్టలు కడుతోంది. యాదయ్య తాత మీసం సర్దుకున్నాడు. కొంచెం వేగం పెంచాను.

బండి ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత చప్పుడు దానంతట అదే పెరిగింది. నేను వేగం తగ్గించాను. చప్పుడు ఇంకా పెరిగింది. తాళం తిప్పి బయటికి లాగేశాను. మామూలుగా తాళం తిప్పగానే ఆగే బండి అది. ఇప్పుడు అది నన్ను లెక్కే చేయలేదు. వంగి డీజిల్ నల్లా కట్టేశాను. తిండి ఆపేసినా అది తింటూనే ఉంది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ మబ్బులు మబ్బులుగా లేచింది. బానెట్ అదురుతోంది, చక్రాల కింది రాళ్లు వణుకుతున్నాయి. నా చెయ్యి, నా తాళం, నా డీజిల్, ఏదీ దానికి అవసరం లేదు. భయపడాల్సింది పోయి నేను నోరు తెరుచుకుని చూశాను. మనిషి చేసిన ఒక యంత్రం మనిషిని వదిలేసి తన దారిన తాను పోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ సమయంలోనే బావ ఫోను చేశాడు.

"సర్వీసు అయ్యిందా? ఏం సప్పుడది?"

"బండి బావా. ఆగుతలేదు."

"తాళం తియ్యి."

"తాళం నా చేతిలనే ఉన్నది."

"డీజిల్ బంద్ జెయ్యి."

"జేసిన."

"మరి దేని మీద నడుస్తున్నదిరా?" అన్నాడు.

అది నాకూ తెలియాల్సిన విషయమే. పక్కకు చూస్తే యాదయ్య తాత తువ్వాలు మాత్రమే ఉంది, తాత లేడు. పొగ గల్లీ చివరి దాకా పోయింది. "దోమల మందు కొడుతుండ్రు, కిటికీలు తెరువుండ్రి," అని ఎవరో ఆడమనిషి కేక వేయడం, తలుపులు వరుసగా తెరుచుకోవడం వినిపించింది.

పొగలోంచి అక్క వచ్చింది. కూర కట్టలు వాడకుండా కప్పిన తడి గోనెసంచి ఆమె చేతిలో ఉంది.

"దూరం పో అక్కా, పేలుతది."

"పేలితె నాకేం మిగుల్తది?" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ముందు చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, బానెట్ పైన నిలబడి ఉన్న గాలి గొట్టం మూతి మీద ఆ తడి గోనెను మడతలు మడతలుగా చుట్టి, రెండు చేతులతో గొంతు పిసికినట్టు పట్టుకుంది. బండి ఆమెను కూడా ఊపేస్తోంది. చప్పుడు దిగింది. బండి గట్టిగా దగ్గింది, ఒళ్లంతా కుదుపుకుంది, ఆగిపోయింది.

గల్లీలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. యంత్రాన్ని చూసి ఆశ్చర్యపోయానని చెప్పాను కదా, అక్కను చూసి అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

"నీకెట్ల తెలిసిందక్కా?"

"ఏం తెలుసుడు. అరుస్తున్నది, నోరు మూసిన." దిగి, చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. "పోయిందా తమ్మి?" అని మెల్లగా అడిగింది. నాకు ఏడుపు వచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

సేటుకు ఫోను చేస్తే, ఆయన గొంతు ఫోను లేకపోయినా వినిపించేలా ఉంది. "ఎంత పోసినవ్?"

"గీత దాక... ఇంకింత కొసరు."

"ఎంత కొసరు?"

"నిండ."

"ఓరి నీ కొసరుల మన్నువడ. గాలితోని నూనె గూడ గుంజుకున్నదిరా అది. డీజిల్ ఇడిసిపెట్టి నువ్వు పోసిన నూనె మీదనే నడిసింది. గిన్నె ఇప్పి ఖాళీ జెయ్యి, గాలి పైపు తుడువు, ఇంజన్ నూనె సూడు. సల్లగయినంక చాలూ జేసి సూడు. బతికుంటె నీ అదృష్టం."

చల్లారేదాకా అక్క అక్కడి నుంచి కదల్లేదు. గిన్నెలో నూనె చాలావరకు లేదు, నా మంచితనమంతా పొగై పోయింది. పైపు తుడిచాం. ఈసారి నేను నూనె పోస్తుంటే అక్క గిన్నె పక్కన మోకాళ్ల మీద కూర్చుని గీతను చూస్తూ ఉంది. గీతను తాకగానే డబ్బా నా చేతిలోంచి లాగేసుకుంది. డీజిల్ నల్లా తెరిచి, తాళం కూడా తనే తిప్పింది.

ఒకసారి గురగురలాడింది. రెండోసారి కొంచెం నల్ల పొగ వదిలింది. తర్వాత ఇంజన్ తన పాత గొంతుతో, బుద్ధిగా, మెత్తగా నడిచింది. తాళం తిప్పింది, ఆగింది. మళ్లీ తిప్పింది, నడిచింది. అక్క బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. అంత అల్లరి చేసి, ఏమీ ఎరగనట్టు నడుస్తున్న ఆ ఇనుప ముక్కకు ఇంకోసారి దండం పెట్టాను.

చివరికి గుండె నిబ్బరం చేసుకుని, నేనూ బానెట్ మీద చెయ్యి పెట్టాను. "అక్కా, ఈ బండి మీద ఒట్టు. ఇంక గీత దాటి చుక్క గూడ పొయ్య."

అక్క నా చెయ్యి పట్టుకుని బానెట్ మీది నుంచి తీసేసింది.

"ఒట్టు నీ మీద ఏస్కో తమ్మి. బండితోని నాకు పొద్దుగాల పనున్నది."

కనుక పాఠకులారా, నిండు సభలో, పూర్తి తెలివితో, కేవలం నా మీదే ఒట్టు వేసుకుని ప్రమాణం చేస్తున్నాను: కొత్తిమీరలో, మిరపకాయల్లో, మాటల్లో ఎంతైనా కొసరు వేస్తాను గాని, గీత గీసి ఉన్న గిన్నెలో ఈ జన్మకు వెయ్యను.