తొందరపడి చెప్పిన సాక్ష్యం

ఈ ఉదయం పలాసలోని మా ప్రార్థన మందిరంలో, దేవుడు చేసిన మేలులు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ నేను లేచి తప్పు చేశాను. మా అమ్మాయికి మూలపేట పోర్టులో ఉద్యోగం వచ్చిందని, వచ్చే వారమే చేరుతుందని చెప్పి దేవునికి స్తోత్రాలు చెల్లించాను. ఉద్యోగం వచ్చిన మాట నిజమే. చేరతానని మాత్రం తను అనలేదు. డిగ్రీ అయ్యాక విశాఖలో ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది. ఏది ఎంచుకోవాలో ఇంకా ఆలోచిస్తోంది. అది తెలిసే చెప్పాను. పదిమందిలో చెప్పేస్తే ఇక తను కాదనడానికి వీలుండదనుకున్నాను.

బయటికి రాగానే మా బావ మా అమ్మాయి భుజం తట్టాడు. "ఏటే కోడలు పిల్లా, పోర్టు ఆఫీసరమ్మవైపోనావు! మిఠాయిలేవీ?"

అమ్మాయి నవ్వేసింది. ఆటో ఎక్కాక నా వైపు చూడకుండా అంది: "దేవుడికే సెప్పేసినావు కద నాన్నా. ఇంక నన్నడగడం ఎందుకు?"

మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం ప్రార్థన కూటంలో మళ్లీ లేచాను. పొద్దున నేను చెప్పింది నా కోరికే గాని నా కూతురి మాట కాదని, అందరి ముందూ అబద్ధ సాక్ష్యం పలికానని ఒప్పుకున్నాను.

"సదువా ఉద్యోగమా అన్నది తనే తేల్చుకుంటాది" అన్నాను.

ఇంటికొచ్చాక, క్షమించమని అమ్మాయిని విడిగా అడిగాను.