బేతంచెర్ల దారిలో తాగిన నీళ్ళు

ఒక సీసాడు నీళ్ళు ఎంత బరువుంటాయి? శేరుకు కాస్త ఎక్కువ. ఆ బరువును నేను నలభై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. కొడుకులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ధైర్యం వచ్చి కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను బావుల సర్వేలో చిన్న ఉద్యోగిని, ఇంకా పర్మనెంటు కాలేదు. ఊరూరా తిరిగి బావి లోతు, నీటి మట్టం టేపుతో కొలవాలి. నీళ్ళు సీసాలో పట్టి, బిరడా బిగించి, లక్క వేసి, ఊరి పేరు చీటీ మీద రాసి కట్టాలి. ఆ సీసాలు మద్రాసు ప్రయోగశాలకు పోయేవి. ఆఫీసరు గారికి జీపు. నాకు కాళ్ళు.

ఒక నియమం మాత్రం ఆయన మాచేత వల్లె వేయించారు. ఏ బావి నీళ్ళు పడుతున్నామో ఆ నీళ్ళతోనే సీసాను ముందు మూడుసార్లు కడగాలి. ఈ నియమాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఎంత నిష్ఠగా పాటించానో మీరే చూద్దురు గాని.

ఆ ఊరి పేరు రాయను. బేతంచెర్ల స్టేషనుకు ఏడెనిమిది మైళ్ళు ఉంటుంది. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళు. ముప్పై అయిదు, నలభై వచ్చేసరికి నడుములు పట్టేసేవి. వంగితే లేవలేరు, లేస్తే వంగలేరు. రాళ్ళు మోసి మోసి అలా అయ్యారని అందరూ అనుకునేవారు. నేనూ అదే అనుకున్నాను. నమ్మనిది ఒక్కతే మనిషి. సుంకులమ్మ అని, గని పనిచేసే మద్దిలేటి భార్య.

నేను బావి గట్టు మీద సీసా కడుగుతుంటే ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. చంకలో నాలుగైదేళ్ళ ఆడపిల్ల, చిట్టెమ్మ.

"రాళ్ళు మోసినోనికి నడుము పట్టిందంటే సరే సామీ. నేను యానాడూ రాయి ముట్టినదాన్ని కాదే, నాకేంటికి పట్టాల?" అంది.

నేను చీటీ రాస్తున్నట్టు నటించాను.

"నేను పుట్టింది డోన్ తట్టు. నా పండ్లు చూడు, తెల్లగుండాయి. ఈ ఊరికి కోడండ్లుగా వచ్చినోళ్ళందరివీ బాగుండాయి. ఈడ పుట్టినోళ్ళవి చూడు. మా పెద్దోడు నోరు తెరిస్తే గార పట్టినట్ల ఉంటాది. నీళ్ళు గాక ఇంగేముండాది?"

"నీళ్ళు తియ్యగా ఉన్నాయి కదమ్మా, ఇప్పుడే తాగాను."

"తియ్యగ మాట్లాడేటోళ్ళంతా మంచోళ్ళేనా సామీ?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "దీనికి మాత్రం ఈ నీళ్ళు పొయ్యను. వంక ఇసకలో చెలిమ తవ్వి ఆ నీళ్ళు తెస్తాండా. పోను రాను నాలుగు మైళ్ళు. ఈ నడుముతో ఎన్నాళ్ళు మోస్తానో ఏమో. ఈ బావి నీళ్ళు బాగలేవని మీరు ఒక్క కాగితం తెప్పించండి. వంక కాడ బావి తవ్విస్తామన్నాడు మీ ఆఫీసరు."

అది నిజమే. నీళ్ళు చెడ్డవని తేలిన ఊళ్ళకు కొత్త బావి ఇవ్వాలని ఉత్తర్వు ఉంది.

చదువు లేని ఆ మనిషి చేసింది అసలైన సర్వే. కోడళ్ళ పళ్ళూ పిల్లల పళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు. మా సీమలో నీళ్ళు రెండు రకాలు, ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు. నాలుక చెప్పిందే తీర్పు. సర్వేలో చేరినా నా నాలుక మా ఊరి నాలుకే.

మిట్టమధ్యాహ్నం బయల్దేరాను. వైశాఖ మాసం. దారి పొడవునా నల్లరాయి, నీడనేది లేదు. సాయంత్రం బండికి నంద్యాల చేరాలి. మర్నాడు పొద్దున నాకు అక్కడ పెళ్ళిచూపులు. చేతిలో ఉన్న నా నీళ్ళు నాలుగు మైళ్ళకే అయిపోయాయి. ఆరో మైలు దగ్గర ఒక బండ మీద కూర్చుని, లక్క చిదిపి, సీసా ఎత్తి తాగేశాను. అడుగు దాకా తాగాను.

ప్రాణం మీదికొచ్చి తాగానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. దూరంగా గనుల దగ్గర దుమ్ము కనిపిస్తూనే ఉంది. ఇంకో అరగంట నడిస్తే నీళ్ళు దొరికేవి. నాలుక పిడచ కట్టింది, చేతిలో నీళ్ళున్నాయి, తాగాను. అంతే. సరే, తాగడం పెద్ద తప్పు కాదు. తాగినవాడు వెనక్కి నడిచి మళ్ళీ పట్టుకు రావాలి. కాళ్ళు లేవకపోతే, సీసా పగిలిందని రాసి వారం తర్వాత మళ్ళీ పోవాలి. నాలుగు తిట్లు పడేవి. అవి పడలేనివాడినా? ఉద్యోగం పోతుందేమోనని భయమా? బండి తప్పితే పెళ్ళిచూపులు తప్పుతాయనా? అన్నీ కలిశాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకుంటే మాత్రం ఒరిగేదేముంది?

గని దగ్గరి బావిలో పనివాళ్ళు నీళ్ళు తోడి పోశారు. తాగి చూశాను. తియ్యగానే ఉన్నాయి. అక్కడివీ తియ్యనివే, ఇక్కడివీ తియ్యనివే, ఏమంత తేడా ఉంటుందిలే అనుకున్నాను. ఆ నీళ్ళతో సీసాను మూడుసార్లు కడిగాను. అవును, మూడుసార్లు. తర్వాత నింపాను. అగ్గిపుల్ల గీసి లక్క కరిగించి మళ్ళీ వేశాను. చీటీ మార్చాల్సిన పని లేకపోయింది, ఊరి పేరు ముందే రాసి ఉంది.

బండి అందింది. పిల్ల నచ్చింది. ఆమే మా ఆవిడ.

రెండు నెలలకు మద్రాసు నుంచి ఫలితాలొచ్చాయి. నా చేతిరాత బాగుంటుందని సాఫు ప్రతులు నాతోనే రాయించేవారు. ఆ ఊరి పేరు ఎదురుగా "తాగుటకు యోగ్యము" అని ఈ చేత్తోనే రాశాను. కలం ఆగింది, లేదనను. రెండు క్షణాలు ఆగి ఉంటుంది. ఆఫీసరు గారు కొత్త బావుల జాబితాలో ఆ ఊరిని కొట్టేశారు.

ఊళ్ళో చెప్పి రమ్మని నన్నే పంపారు. చావడి దగ్గర నలుగురిలో చదివాను. సుంకులమ్మ చివర నిలబడి విన్నది. వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే బాగుండేది, అప్పుడైనా నోరు జారేవాణ్ణేమో. ఆమె నా దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"అయితే నాదే తప్పు సామీ. కాగితం అబద్ధం చెప్తాదా? పిచ్చిదాన్ని, ఊరికే వంకకు తిరిగినా."

ఆ రోజు నుంచి ఆమె వంకకు పోవడం మానేసింది. చిట్టెమ్మ కూడా ఆ బావి నీళ్ళే తాగింది. నేను ఒక్కమాట అంటే చాలు, "అమ్మా, పిల్లకు చెలిమ నీళ్ళే పొయ్యి" అని. కారణం కూడా చెప్పక్కరలేదు. ఆ మాటైనా అనలేదు. ఛీ, ఏం మనిషిని నేను!

ఎనిమిదేళ్ళ తర్వాత ఇంకో జట్టు ఆ ప్రాంతమంతా తిరిగి సీసాలు పట్టింది. ఆ ఊరి నీళ్ళలో ఫ్లోరైడు విపరీతంగా ఉందని తేలింది. ఎముకల్ని వంచేది అదే. గనుల పక్క బావిలో లేదట. తాగకూడదని గుర్తుగా బావి గట్టుకు ఎర్ర రంగు పూయించి, కొత్త బావికి చోటు చూపించే పని నాకే పడింది. అప్పటికి నేను పర్మనెంటు, పైగా ప్రమోషను కూడా వచ్చింది.

చిట్టెమ్మ పదమూడేళ్ళ పిల్ల. గోడ పట్టుకుని నడిచింది. మోకాళ్ళు ఒకదానికొకటి తగిలి, పాదాలు ఎడంగా పోయాయి. నన్ను చూసి సిగ్గుపడి చేత్తో నోరు మూసుకుంది. ఆ కాస్తలోనే పళ్ళు కనిపించాయి. సుంకులమ్మ మెడ తిరగడం లేదు. నన్ను చూడడానికి మనిషి మొత్తం తిరిగింది. నన్ను గుర్తుపట్టింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"అప్పుడు మంచివన్నారు, ఇప్పుడు చెడ్డవంటాండారు. మద్దెలో నీళ్ళు మారినాయా సామీ?"

"అవునమ్మా. భూమిలో నీళ్ళు కదా, మారుతుంటాయి" అన్నాను.

ఆమె తలూపబోయింది. ఊపడానికి మెడ రాక నడుము ఊపింది. నమ్మింది.

మొదటి తప్పుకు ఎండ, దాహం, వయసు అని నాలుగు సాకులు చెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి ఏం చెప్పను? నీడలో నిలబడి, కడుపు నిండా మజ్జిగ తాగి, తీరికగా చెప్పిన అబద్ధం ఇది. ఆ మజ్జిగ కూడా వాళ్ళిచ్చిందే. తర్వాత నేను ఆ ఊరికి పోలేదు. వాళ్ళిద్దరూ ఏమయ్యారో కనుక్కోలేదు. కనుక్కునే వీలు లేక కాదు.

మీరు నన్ను క్షమించక్కరలేదు. క్షమించే హక్కు మీకు లేదు, అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు ఆమె అడిగిన దానికి జవాబు బాకీ ఉంది, అది మాత్రం ఇక్కడ రాస్తాను.

నీళ్ళు మారలేదు సుంకులమ్మా. అవి ఎప్పుడూ చెడ్డవే, నువ్వు చెప్పింది నిజం. మీ ఊరి నీళ్ళు దారిలో నేను తాగేశాను. మద్రాసుకు పంపినవి వేరే నీళ్ళు.