స్టేటస్ చూడనిదే నోరు తెరవని భాయ్

అజ్మతుల్లా భాయ్ స్టేటస్, అంటే యంత్రం తన పరిస్థితి ఏమని చూపిస్తోందో, చూడకుండా ఏ మాటా చెప్పడు. ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే మనిషికి అది మంచి అలవాటే. కానీ ఇంట్లోనూ అంతే. "ఉప్పు సరిపోయిందా?" అని భార్య జానీబీ అడిగితే, గిన్నెలో పైనొక ముద్ద, నడుమొక ముద్ద, అడుగునొక ముద్ద తిని చూడందే బదులివ్వడు. అప్పటికి ఆమె విసిగి గిన్నె తీసుకుపోయి ఉంటుంది.

పదేళ్లుగా ఆయన పక్కన కూర్చుని పనిచేస్తున్నాను. ఒకసారి ముద్దనూరు స్టేషన్‌లో మా రైలు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎక్కు భాయ్" అన్నాను. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"ఆగప్పా, ఇంకా రాలేదని చూపిస్తాండాది."

ఫోన్‌లో రైలు వచ్చేసరికి అసలు రైలు ఎర్రగుంట్ల దాటింది.

మొన్న దసరా అయిన వారానికి జమ్మలమడుగు నుంచి ఫొటో స్టూడియో హుమాయున్ ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు దాచే పెట్టె కూతపెట్టి ఆగిపోయిందట. అందులో రెండు డిస్కులు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి కాపాడాలి. కానీ ఏదీ తెరుచుకోవడం లేదు. ఇంకా ఇవ్వాల్సిన పద్నాలుగు పెళ్లిళ్లు లోపలే ఉన్నాయి.

మేం పోయేసరికి హుమాయున్ మండిపడుతున్నాడు. ఎడిటింగ్ చేసే స్వర్ణలత గోడకానుకుని నిలబడింది.

"ఎవరో చెయ్యి పెట్టినారు భాయ్! ఎవరో తెలిస్తే ఈ పొద్దే పనిలోంచి తీసేస్తా. వీడియోలు ఉండాయా, పోయినాయా?"

"స్టేటస్ చూడందే చెప్పను."

"చెయ్యి పెట్టిందెవరో అదన్నా చెప్పు!"

"అదీ చెప్పను. నువ్వు బయట కూచోపో."

పెట్టె చూస్తే నాకు నవ్వాగలేదు. కింది డిస్కు చచ్చి దాని దీపమే ఆరిపోయింది. పై చోటునుంచి పీకి పక్కన పెట్టినది బాగానే ఉంది. కానీ దాని పచ్చదీపం మీద సరిగ్గా ఆయుధపూజ కుంకుమ బొట్టు! ఎర్రదీపం వెలిగింది గదా, ఇదే చెడిపోయిందని బాగున్నదాన్ని పీకి, ఆ చోట కొత్తది పెట్టారు. బొట్టు పెట్టిందెవరో, డిస్కు పీకిందెవరో స్వర్ణలత ముఖం చూస్తే చాలు.

భాయ్ జేబురుమాలుతో బొట్టు తుడిచాడు. బాగున్న డిస్కును మళ్లీ దాని చోట పెట్టి స్టేటస్ చూశాడు. వాల్యూమ్, అంటే రెండు డిస్కులూ కలిసి మోసే వీడియోల నిల్వ, లేచింది, ఒక్క డిస్కుతో, ఒంటికాలి మీద. చచ్చినదాన్ని తీసి అక్కడ కొత్తది పెట్టాక దానిలోకి నకలు మొదలైంది.

హుమాయున్ తల లోపల పెట్టాడు. "ఏమాయె?"

"మూడు."

"మూడు పెళ్లిళ్లేనా!"

"మూడు శాతం. పో."

ముప్పై శాతానికి హుమాయున్ అరుపులు తగ్గాయి. అరవైకి టీలు తెప్పించాడు. తొంభైకి తనే ఒక టీ తెచ్చి స్వర్ణలత చేతిలో పెట్టి, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు ఈయమ్మ" అన్నాడు.

సాయంత్రానికి నూరు. భాయ్ రెండు డిస్కుల స్టేటస్ చూసి, వాల్యూమ్ స్టేటస్ విడిగా చూసి, అప్పుడు నోరు తెరిచాడు.

"పద్నాలుగు పెళ్లిళ్లూ ఉండాయి. డిస్కు ముసలిదైపోయింది."

"మరి చెయ్యి పెట్టిందెవరు?"

"చచ్చిన డిస్కు చేతికిస్తాండా గదప్పా, ఇంకేం కావాల?"

హుమాయున్ ఆనందంగా ఒక్కో పెళ్లీ తెరిచి చూసుకుంటుంటే స్వర్ణలత మెల్లగా దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆ డిస్కు పీకింది..."

"తెర మీద ఏముందో చదువమ్మా."

"హెల్దీ అని ఉండాది."

"నాకూ అంతే కనపడతాండాది," అన్నాడు భాయ్, స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటూ.