నాన్న చెయ్యి

ఏలూరు మార్కెట్లో కొరమేను తలమీద కర్ర దెబ్బ పడిన చప్పుడు వింటే ఇప్పటికీ నా కుడి చెయ్యి కొంగు చాటుకి పోతుంది.

ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేయించిన ఏడాది నాకు ఎనిమిదేళ్ళు. చెరువు కాపలా పని పోయి నాన్న ఇంట్లోనే ఉండేవాడు.

కొరమేను ఓ పట్టాన చావదు. బూడిద పూసి పట్టుకుని తలమీద కొట్టాలి. ఓ రోజు నాయనమ్మ చేతిలోంచి జారిపోతుంటే నేనే కర్ర తీసుకుని ఒక్కటేశాను. చేప మళ్ళీ కదల్లేదు.

"అచ్చం మీ నాన్న చెయ్యే! రక్తం ఎక్కడికి పోద్దే?" అని నాయనమ్మ మురిసిపోయింది.

ముందురోజే ఆ చెయ్యి అమ్మ పెదవి చిట్లగొట్టింది. అదే నా భుజానికీ మొలిచిందనుకున్నాను. నూతి దగ్గరికెళ్ళి ఇటుక ముక్కతో ఆ చేతిని తోలు లేచేదాకా రుద్దాను.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా ఇది?" అంటూ ఒళ్ళోకి లాక్కుంది. ఆవిడ చెంపకి చేప పొలుసు అంటుకుని ఉంది. తీద్దామని చెయ్యెత్తాను. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని మొహం తిప్పేసుకుంది.

నాది నాన్న చెయ్యేనని అమ్మక్కూడా తెలిసిపోయిందనుకున్నాను. ఎవరి చెయ్యి లేచినా ఆవిడ అలాగే బెదిరేదని అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాన్న కోపం రక్తంలో వస్తుందో, చూసి అంటుకుంటుందో నాకింకా తెలీదు. నాలోనూ ఉందని మాత్రం తెలుసు. మా బాబుకి తల దువ్వడానికి చెయ్యెత్తినప్పుడల్లా ముందు వాడి కళ్ళే చూస్తాను, మూసుకుంటాడేమోనని.