పచ్చకన్ను రేడియోలో స్పానిష్

రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరను, మేస్టారు ట్రైనింగుకి వెళతానని నాన్నతో చెప్పిన రోజు ఆయన అవుననలేదు, కాదనలేదు. పెరట్లో నాకు వీపు తిప్పి ముఖం కడుక్కుంటున్నారు. భయంతో నేనూ గొణిగినట్టే చెప్పాను. తువ్వాలుతో తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. కావలసినవి అమ్మ చేత అడిగించుకునేవాళ్లం. తాత నుంచీ బాయిలర్ షాపులో రివెట్లు కొట్టిన ఇల్లు మాది. ఆ పని వద్దన్నానని ఆయనకు కోపం అనుకున్నాను. నాకూ పౌరుషం తక్కువేం కాదు. ఆయన పలకరించకపోతే నేనెందుకు పలకరించాలి?

మా ఇద్దరికీ మిగిలింది ఆదివారం పొద్దుటి రేడియో ఒక్కటే. ఖరిదా బజారులో బెంగాలీ మెకానిక్ దగ్గర కొన్న పాత వాల్వు సెట్టు. దాని ముఖాన పచ్చటి కన్నొకటి ఉండేది. స్టేషన్ సరిగ్గా కుదిరితే అందులోని నల్లటి నీడ ముడుచుకునేది, జారిపోతే విచ్చుకునేది. ఒకనాడు నేను షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పుతుంటే వడగళ్లు రాలినట్టు గబగబా మాట్లాడే గొంతు, వెనకే గిటారు దొరికాయి. మెకానిక్ వచ్చి విని, "ఎటా స్పానిష్, దాదా" అని బెంగాలీలో తేల్చాడు.

మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ప్రతి ఆదివారం నాన్న కుర్చీ లాక్కుని కూర్చునేవారు. తెలుగు వార్తల వేళకు మాత్రం ఏదో పని కల్పించుకుని పూరీ గేట్ వైపు పోయేవారు. స్పానిష్ స్టేషన్ పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. నేను పది నిమిషాలు కుస్తీ పట్టినా చిక్కనిది, ఆయన ముల్లు వెంట్రుకవాసి జరిపి పట్టేసేవారు. చెవంటే మా నాన్నదేనని ట్రైనింగులో గొప్పలు పోయేవాణ్ణి. మనిషితో మాటల్లేకపోయినా ఆయన చెవి మీద గర్వానికి లోటు లేదు.

ఒక ఆదివారం అమ్మకు జ్వరం. ఆవిడ నిద్ర చెడకూడదని రేడియో గొంతు పూర్తిగా తగ్గించేసి టీ పెట్టడానికి వెళ్లాను. రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి నాన్న సెట్టు ముందు కూర్చుని ముల్లు తిప్పుతున్నారు. రేడియోలోంచి చిన్న చప్పుడైనా లేదు. పచ్చకన్నులో నీడ మెల్లగా ముడుచుకుంది. ఆయన ముఖం విప్పారింది.

"వచ్చీసినాడు, సూడు! ఈయేళ బాగా పాడతన్నాడు."

గ్లాసులు నా చేతుల్లోనే ఉండిపోయాయి. బాయిలర్ మీద ప్రెషర్ గేజీ చూసే అలవాటుతో ఆయన ఇన్నాళ్లూ ఆ కన్ను చూసి స్టేషన్ పట్టేవారన్నమాట. రివెట్ల దెబ్బలు ఆ చెవుల్లో ఏమీ మిగల్చలేదు. మా వీధిలో అందరూ కేకలేసే మాట్లాడతారు, సగం చేతులు తిప్పే చెబుతారు. అక్కడ ఒకరి చెవుడు ఎవరికి తెలుస్తుంది? కన్నకొడుకుని, నాకైనా తెలియాలి కదా. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఎదురుగా కూర్చుని, నా పెదాలు కనబడేలా అడిగాను. "నాన్నా, ఇనబడతందా?"

ఆయన నా ముఖం చూశారు. తర్వాత సెట్టుకేసి చూశారు. సౌండు మీట సున్నా దగ్గరుంది. దొరికిపోయిన దొంగలా నవ్వారు.

"తెలుగు వార్తలైతే ఏటి సెప్పినాడని నలుగురూ అడుగుతారు. ఈడి మాట నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరం సమానం. అందుకే ఈడంటే నాకిష్టం."

"మరి నేను వర్క్‌షాపుకెల్లనని పెరట్లో సెప్పినాను కదా. కోపం రాలేదా?"

"ఎప్పుడు సెప్పినావు?" అన్నారు ఆయన. "ట్రైనింగు సంగతి మీ అమ్మ సెప్పింది. మంచిదే అనుకున్నాను. నువ్వొచ్చి సెబుతావని సూసినాను. నాలాటోడికి సెప్పడానికి నామోసీ కాబోలు, మాట మానీసినావనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నిద్ర సంగతి మరిచిపోయి, ఏడాది ఆలస్యంగా, మా వీధి మనిషిలా గొంతెత్తి చెప్పాను. "నాన్నా, నేను మేస్టర్నవుతాను!"

అమ్మ దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చి, ఏటా కేకలని చెయ్యి తిప్పింది.

"నా కొడుకు మాటాడతన్నాడు," అన్నారు నాన్న. "ఇననీ."